తిరిగివచ్చు త్రోవ

(పదవ తరగతి విద్యార్థుల తల్లిదండ్రులును ఉపాధ్యాయులును కూడిన సభయందు మేము చేసిన ప్రసంగపాఠము)



పదుమూడు మొదలు పదునైదు సంవత్సరముల ప్రాయముగల పిల్లల కష్టములను గూర్చి మాటలాడుమని ఈ సభవారు మమ్ము కోరినారు. విషయము చిన్నదిగా తోచవచ్చును. కాని తెలుగునాట నేడు ఏ గడప దాటినను వినవచ్చు మాట ఇదియే. పిల్లవానిని ఏ బడిలో వేసినారు, ఏ గ్రూపు ఇప్పించుచున్నారు, ఆడపిల్లను ఇంకను చదివింతురా, ఫోను చేతికిచ్చితిరా: పెండ్లిపందిరిలోను, పొలముగట్టుమీదను, రైలుపెట్టెలోను పెద్దలు ఒకరినొకరు అడుగుకొనుచున్న ప్రశ్నలు ఇవియే. పెద్దలందఱును మాటలాడుచున్నారు. ఎవరిని గూర్చి మాటలాడుచున్నారో ఆ పిల్లలు మాత్రము మాటలాడుట లేదు. కావున నేడు వారి పక్షమున నాలుగు మాటలు చెప్ప సాహసించుచున్నాము.

నేటి పిల్లలు సుకుమారులైనారని తఱచుగా వినుచున్నాము. "మా చిన్నతనమున కోసులకొలది నడిచి బడికి పోయితిమి, కిరసనాయిలు దీపమున చదివితిమి, పంతులుగారి బెత్తపుదెబ్బలు తింటిమి, మాకు రాని దిగులు వీరికేల వచ్చెను?" అని అనేకులు ప్రశ్నించుచున్నారు. ప్రశ్న సమంజసమే. ఆ కాలపు కష్టము సామాన్యమైనది కాదు. ఐతే ఆ నడిచిన త్రోవ రెండువైపుల నడవదగినది. పరీక్ష తప్పినవాడు మఱుసటియేడు మఱల కట్టెను. చదువు అబ్బనివాడు సేద్యములోనికో చేతిపనిలోనికో వచ్చెను. మనసు మారినచో ప్రైవేటుగా మెట్రిక్కుకు కూర్చుండెను. వాని చదువు కొఱకు తండ్రి పొలము తాకట్టుపెట్టి యుండలేదు. నేటి పిల్లవాని ముందు మనము వేసిన త్రోవలు విశాలములు, దీపములతో వెలుగుచున్నవి. కాని వానిపై అడుగువేసినవాడు వెనుకకు మరలుటకు వీలులేదు. వాని దిగులునకు మూలము అక్కడనున్నది. మేము నేడు చెప్పదలచిన ముఖ్యమైన మాటయు ఇదియే.

ముందుగా ఈ ప్రాయముయొక్క స్వభావమును తెలిసికొందము. ఈ ఏండ్లలో శరీరము ఒక్కసారిగా పెరుగును, గొంతు మారును, అద్దమునందలి ముఖమే తనకు క్రొత్తగా తోచును. నిద్రవేళయు మారును. 13 మొదలు 18 ఏండ్లవరకు దినమునకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని వైద్యులు చెప్పుచున్నారు. రాత్రి ఆలసించి నిద్రపట్టుటయు, ఉదయము ఆలసించి మెలకువ వచ్చుటయు ఈ ప్రాయమున దేహధర్మమేగాని సోమరితనము కాదనియు తేల్చినారు. ఆనందమును, ఆవేశమును, భయమును పుట్టించు మెదడు భాగములు ముందుగా వికసించును; ముందువెనుకలు చూచి నిలువరించు భాగము ఇరువదియేండ్లు దాటినపిదపగాని పరిపక్వము కాదు. తోడివారి మెప్పు అన్నముకంటె మిన్నగా తోచును. తోడివారి నవ్వు కత్తిగాటువలె తగులును.

మన శాసనములు ఈ సంగతిని ఎఱుగనివి కావు. 18 ఏండ్లు నిండనిదే వోటు లేదు. అంతకు ముందు ఒప్పందముపై చేసిన సంతకము చెల్లదు. కారు నడపుటకు అనుమతి లేదు. ఐనను నలుబదియేండ్ల బ్రదుకు ఏ దారిని నడువవలయునో పదునైదేండ్లకే తేల్చుకొమ్మని పిల్లవానితో చెప్పుచున్నాము. పోనీ, వానినే తేల్చుకొననిచ్చుచున్నామా? అదియు లేదు. మనమే తేల్చి, తరువాత వాని మార్కులు తగ్గినపుడు "నీవే కోరుకొంటివి గదా" యని నిందించుచున్నాము. నిర్ణయము మనది, ఫలము వానిది.

మొదట ర్యాంకు సంగతి చూతము. 1951లో ఖరగపూరున మొదటి ఐ.ఐ.టి. నెలకొన్నప్పుడు దానిని గూర్చి తెలుగుపల్లెలలో తలచినవారు అరుదు. తరువాతి దశాబ్దములలో గుంటూరు, విజయవాడ, హైదరాబాదు నగరములయందు ప్రవేశపరీక్షల శిక్షణ ఒక పెద్ద వ్యాపారముగా పెరిగెను. 1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ తెఱచినారు. కంప్యూటరు చదువు చదివినవాడు అమెరికా చేరునను మాట మాగాణిరైతునకును మెట్టరైతునకును సమానముగా తెలిసెను. ఆ చదువు వేలకొలది కుటుంబములను అప్పుల ఊబినుండి పైకి లాగినది. ఆ మేలును మేము కాదనము. వానను నమ్ముకొనలేని రైతు కొడుకు చదువును నమ్ముకొనుట తప్పెట్లగును?

ఐతే ఇంటరుమీడియటుతో మొదలైన శిక్షణ క్రమముగా ఎనిమిదవ తరగతికిని, అటనుండి ఆఱవ తరగతికిని దిగివచ్చినది. ఫౌండేషను, ఒలింపియాడు, టెక్నో, కాన్సెప్టు అను పేర్లతో బోర్డులు వెలసినవి. పదునొకండేండ్ల పసివాడు ఏమి కావలయునో ఆ బోర్డులే నిర్ణయించుచున్నవి. హాస్టలులో తెల్లవాఱుజామున గంట కొట్టుదురు; రాత్రి పొద్దుపోవువఱకు స్టడీ అవరు. వారము వారమును పరీక్ష. ఆ మార్కులనుబట్టి సెక్షను మార్పు. ఆదివారమునకును చదువే. అమ్మను చూడవలెనన్న నెలకొక ఔటింగు. వైద్యులు చెప్పిన ఎనిమిదిగంటల నిద్ర ఈ దినచర్యలో ఎక్కడ ఇముడునో మాకు తెలియకున్నది.

లెక్క చూడుడు. 2024లో జె.ఇ.ఇ. మెయిను పరీక్ష వ్రాసినవారు సుమారు 14 లక్షలమంది. ఆ యేడు దేశమందలి ఐ.ఐ.టి.లన్నిటను కలిపి ఉన్న సీట్లు 17,740. అనగా సుమారు ఎనుబదిమందిలో ఒక్కనికి చోటు. ఆ ఒక్కని ఫొటో పత్రికలలో నిండుపుటలో అచ్చగును. వాని ర్యాంకు టెలివిజనులో తారాజువ్వవలె మ్రోగును. తక్కిన డెబ్బదితొమ్మిదిమంది ఏమైరో చెప్పు ప్రకటనను మీరెన్నడైన చూచితిరా? వారును అంతే రుసుము కట్టినవారు, అంతే నిద్ర మానినవారు. వారందఱును తెలివితక్కువవారని చెప్పుట గణితమునకే విరుద్ధము. సీట్లు అన్నియే యున్నప్పుడు తక్కినవారు ఎంత చదివినను మిగిలిపోక తప్పదు.

ఇక చేర్చుకొను విధానము చూడుడు. పదవ తరగతి పరీక్షలు కాకమునుపే పీఆర్వోలు ఇంటికి వత్తురు. "ఈ వారములో సీటు ఖాయము చేసికొన్నచో ఫీజులో రాయితీ" అందురు. తండ్రి అప్పు తెచ్చి కట్టును. చేరిన రెండునెలలకు పిల్లవాడు "నాన్నా, నాకు ఈ లెక్కలు ఎక్కుట లేదు, ఇంటికి తీసికొనిపో" యని ఫోనులో ఏడ్చును. అప్పటికి నాలుగు తాళములు పడియుండును. కట్టిన సొమ్ము తిరిగిరాదు. బాకీ తీరనిదే అనేక చోట్ల సర్టిఫికెట్లు చేతికియ్యరు. సంవత్సరము నడుమ వేఱొకచోట చేర్చుకొనువారు అరుదు. "మావాడు ఐ.ఐ.టి.కి చదువుచున్నాడు" అని బంధువులందఱికిని చెప్పియైనది. ఈ నాలుగు తాళముల నడుమ చిక్కిన తండ్రి "ఇంకొక నెల ఓర్చుకో నాయనా" యనును. ఆ తండ్రి కఠినుడు కాడు. తిరిగివచ్చు త్రోవ ఆయనకును లేదు.

త్రోవ లేదని పసిమనస్సు నమ్మినపుడు ఏమగునో మన రాష్ట్రములు చూచినవి. 2019 ఏప్రిల్ 18వ తేదీన తెలంగాణలో ఇంటరుమీడియటు ఫలితములు వెలువడెను. తరువాతి దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. తెలుగు పరీక్షలో 99 మార్కులు వచ్చిన ఒక బాలికకు సున్న వేసినట్లు ఆ యేడు బయటపడెను. తప్పినవారి పత్రములను ప్రభుత్వము మఱల పరిశీలింపజేయగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులైరి. దిద్దినవారి తప్పును దిద్దుటకు వీలుకలిగెను. పోయిన ప్రాణములను తెచ్చుటకు వీలులేకపోయెను. జాతీయ నేరనమోదుల సంస్థ లెక్కప్రకారము 2022లో దేశమున 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. ఇందులో అన్ని ప్రాయములవారును కలరు. కారణములు పరీక్షలొక్కటియే కావు. ఇట్టి మరణమునకు ఏ యొక్క కారణమో చాలదని మనోవైద్యులు చెప్పుదురు. కాని దినమునకు ముప్పదియైదుగురికి పైగా విద్యార్థులు "నాకిక దారి లేదు" అనుకొనుచున్నారనుట చిన్నసంగతియా?

ప్రభుత్వమును న్యాయస్థానమును ఊరకున్నవని చెప్పజాలము. "భారము లేని విద్య" యని యశ్‌పాల్ సంఘము 1993లోనే నివేదిక యిచ్చెను. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ 16 ఏండ్లు నిండనివారిని కోచింగు కేంద్రములలో చేర్చుకొనరాదనియు, ర్యాంకులు వచ్చునని వాగ్దానములు చేయరాదనియు మార్గసూచనలను వెలువరించెను. విశాఖపట్టణమున ప్రవేశపరీక్షకు చదువుచుండిన ఒక బాలిక మరణమును గూర్చిన కేసులో 2025 జూలై 25వ తేదీన సుప్రీంకోర్టు మఱికొంత ముందుకు పోయి, నూఱుమంది విద్యార్థులున్న ప్రతి సంస్థయందును అర్హతగల సలహాదారుడు ఉండవలయుననియు, మార్కులనుబట్టి పిల్లలను బ్యాచిలుగా విడదీయుటను, నలుగురిలో అవమానించుటను సాధ్యమైనంతవఱకు మానుకొనవలయుననియు ఆదేశించెను. మంచిమాటలే. కాని మన తెలుగునాట కోచింగు కేంద్రమునకు విడిగా బోర్డు ఉండదు. అది బడిలోనే, కళాశాలలోనే కలిసియున్నది. పదేండ్లవానిని బడిలో చేర్చుట తప్పెట్లగును? బడిపేర నడచు కోచింగును ఏ అధికారి పట్టుకొనును? ఊరు తెలియని ఉత్తరువు చెఱువుమీది వ్రాత వంటిది.

ఇంతకును పెద్దలమైన మనము పిల్లలకొఱకు ఎంచిన గమ్యము స్థిరమైనదా? 2022 చివర ప్రశ్నకు ప్రత్యుత్తరము వ్రాయు యంత్రము జనసామాన్యమునకు అందుబాటులోనికి వచ్చెను. ప్రోగ్రాములు వ్రాయు చిన్న ఉద్యోగముల భవిష్యత్తును గూర్చి ఆ పరిశ్రమవారే తలలు పట్టుకొనుచున్నారు. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు క్రొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధించెను. ఒక్క సంతకముతో వేలకొలది తెలుగు ఇండ్లలో దిగులు అలముకొన్నది. రేపటి ఉద్యోగమెట్లుండునో నిపుణులకే తెలియనపుడు, పదుమూడేండ్లవాడు ఇరువదిమూడవయేట ఏమి చేయవలయునో మనకు ఖాయముగా తెలియుననుట సాహసము. తెలియని ప్రయాణమునకు పోవువానికి మిక్కిలి అవసరమైనది, దారి తప్పినపుడు మరలివచ్చు నేర్పు. ఆ నేర్పునే మనము నేర్పకున్నాము.

ఇంతవఱకు డబ్బు కట్టగలవారి పిల్లల మాట చెప్పితిమి. ఊరి చివర యింటిలో పదునాలుగేండ్ల ఆడపిల్ల యున్నది. ఆమెను ఏ పీఆర్వోయు వెదకికొని రాడు. నిర్బంధవిద్యాశాసనము 14 ఏండ్లతో ముగియును. ఆ పిదప ఆమె చదువు ఇంటివారి దయ. పెద్దమనిషి యైనపుడు ఫంక్షను చేసి ఫొటోలు తీయింతురు. ఆ మఱునాటినుండి దూరపు బడికి బస్సులో ఒంటరిగా ఏమి పోవునని సందేహింతురు. సంబంధము వచ్చినదని చుట్టములు చెప్పుదురు. 1929లో శారదా శాసనము వచ్చినది. 2006లో అంతకు కఠినమైన శాసనము వచ్చినది. ఐనను 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో 18 నిండకమునుపే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29.3, తెలంగాణలో 23.5. వీరేశలింగము పంతులుగారు పుట్టిన నేలపై ఈ అంకెలను చదువుటకు సిగ్గుగానున్నది.

పత్తివిత్తనపు చేలలో పూవుకు పూవు కలుపు క్రాసింగు పనికి చిన్న చేతులు అనుకూలమని బాలికలను బడి మాన్పించి పంపిన ఊళ్లు మన రెండు రాష్ట్రములలోను ఉండెను. ఆ బాలిక చదువు మానిన ఒక్కయేడు ఆమె జీవితమంతయు నిర్ణయమై పోవుచుండెను. ఏలయన, పదునాలుగేండ్లపిల్ల తిరిగివచ్చినను ఆమెను మూడవ తరగతి చిన్నపిల్లల నడుమ కూర్చుండబెట్టిన ఎవరు చదువగలరు? ఈ చిక్కును గుర్తెఱిగిన శ్రీమతి శాంతాసిన్హాగారును, వారి మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషనువారును పనినుండి విడిపించిన పిల్లలకు బ్రిడ్జి శిబిరములు నడిపి, వయస్సునకు తగిన తరగతిలో చేరుటకు సిద్ధపఱచిరి. 2003లో శాంతాసిన్హాగారికి మెగసేసే బహుమానము లభించెను. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికావిద్యాలయములును బడి మానిన బాలికలకొఱకు ఏర్పడినవే. వీరందఱు చేసినది ఒక్కటే పని: మూసిన తలుపునకు ప్రక్కన ఇంకొక తలుపు తెఱచుట.

మూడవది చేతిలోని ఫోను. 2020 మార్చిలో బడులు మూతపడినపుడు "పాఠమునకు ఫోను కొనుడు" అని చెప్పినవారము పెద్దలమే. కూలిపని చేయువారు సైతము అప్పుచేసి కొనిరి. బడులు తెఱచినారు, ఫోను మాత్రము ఇంటిలో నిలిచినది. అందులో పాఠములున్నవి, పాటలున్నవి, జూదమున్నది, వలవేయు దుర్మార్గులున్నారు. ఒక బాలిక నమ్మి పంపిన ఫొటో తిరిగిరాదు. ఒక బాలుడు ఆవేశమున వ్రాసిన మాట తుడిచినను పోదు. ఇదియు తిరుగులేని త్రోవయే. పిల్లవాడు ఏమరుపాటున వేయు అడుగునకు ఇంత దీర్ఘమైన జ్ఞాపకశక్తి గల సాక్షి మునుపెన్నడును లేడు. ఆస్ట్రేలియా దేశమువారు 16 ఏండ్లలోపువారికి సామాజిక మాధ్యమములను నిషేధించి, 2025 డిసెంబరు 10నుండి అమలుపఱచిరి. మన 2023 శాసనమును 18 నిండనివారి వివరములను వాడుటకు తల్లిదండ్రుల సమ్మతి వలయునని చెప్పుచున్నది. శాసనములు మంచివే. ఐతే బెదిరింపు సందేశము వచ్చిన రాత్రి ఆ బాలిక శాసనమును తలచుకొనదు, "అమ్మకు చెప్పిన కొట్టునా, నమ్మునా?" అని తలచుకొనును. అమ్మ ముఖమే ఆ రాత్రి ఆమెకు త్రోవ, లేదా గోడ. "ఫోను పగులగొట్టెదను, బడి మాన్పించెదను" అని ముందుగనే హెచ్చరించి యుంచిన ఇంటిలో బిడ్డ నోరు విప్పునా? దుర్మార్గుని బలమంతయు ఆ బిడ్డ మౌనమునందే యున్నది.

ర్యాంకు, పెండ్లి, ఫోను: ఈ మూడింటికిని సంబంధమేమని మీరు అడుగవచ్చును. తప్పటడుగు వేసిన బిడ్డకు మరల చోటిచ్చుటకు ఇల్లును, బడియు, ఊరును సిద్ధముగా లేకపోవుటయే ఆ సంబంధము. ఆ చోటు దొరికినపుడు ఏమి జరుగునో మన చరిత్రయందే నిదర్శనము కలదు.

1909లో రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయికి ఎనిమిదేండ్లకే పెండ్లి చేసిరి. ఆంగ్లమాధ్యమమునకు నిరసనగా పండ్రెండేండ్లకు ఆమె బడి విడిచెను. ఊరిలో బాలికలకు హిందీ నేర్పు పాఠశాల పెట్టెను. 1923లో కాకినాడ కాంగ్రెసు వేళ ప్రదర్శనశాల ద్వారమున సేవికగా నిలిచి, టిక్కెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూనే నిలిపిన పదునాలుగేండ్ల బాలిక ఆమెయే. యుక్తవయస్సు వచ్చినపిదప ఆ బాల్యవివాహమునందు ఉండనొల్లననెను. తండ్రియు సోదరుడును ఆమె పక్షమున నిలిచిరి. ఆ నిలుచుటను గమనింపుడు. ఉప్పు సత్యాగ్రహమున చెఱసాలకు పోయివచ్చి, ఎన్నడో విడిచిన చదువును మఱల చేపట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున పట్టములు పుచ్చుకొని, 1942లో న్యాయశాస్త్రపట్టమును పొందెను. 1937లో మదరాసున ఆంధ్రమహిళాసభను స్థాపించెను. రాజ్యాంగసభలో సభ్యురాలయ్యెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలయ్యెను. చదువు మానిన స్త్రీలు తక్కువ కాలములో పరీక్షకు కూర్చుండుటకు ఆ మండలి 1958లో సంక్షిప్త విద్యాశిక్షణను ప్రారంభించెను. తాను తిరిగివచ్చిన త్రోవను ఆమె వేలమంది స్త్రీలకు వేసి పోయినది. పండ్రెండేండ్లకు బడి మానినది గనుక ఆమె పని ముగిసినదని ఎవరైన తీర్మానించియున్నచో మన రాజ్యాంగసభలో ఒక తెలుగుగొంతు తక్కువై యుండెడిది గదా.

ఇక మన కాలపు నిదర్శనము. 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజనబాలిక మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరమునెక్కెను. ఆమెకు పదునాలుగేండ్లు నిండుటకు ఇంకను కొన్ని దినములుండెను. సాంఘిక సంక్షేమ గురుకులమున చదివిన పిల్ల. ఈ ప్రాయమువారు కష్టమునకు ఓర్వలేరనువారికి ఆమెయే ప్రత్యుత్తరము. ఐతే ఆమెను ఎట్లు పంపిరి? భువనగిరి గుట్టపై అభ్యాసము చేయించిరి. డార్జిలింగులో శిక్షణ ఇప్పించిరి. గురువును, త్రాడును, ప్రాణవాయువును వెంట నిచ్చిరి. పర్వతారోహణమున మొదటి సూత్రమేమన, గాలి మారినచో శిఖరము కనబడుచున్నను వెనుదిరుగవలయును. వెనుదిరిగినవానిని అక్కడ పిఱికివాడనరు. మఱుసటియేడు మఱల రమ్మందురు. మంచుకొండమీద ఉన్న ఈ దయ మన తరగతిగదిలో ఏల లేకపోవలయును?

కావున పెద్దలకు మా విన్నపములు కొన్ని కలవు. తల్లిదండ్రులారా, పదవ తరగతి పరీక్షలు ముగియకమునుపు ఎవరికిని సీటు కొఱకు సొమ్ము కట్టకుడు. కట్టునపుడు "పిల్లవాడు మూడునెలలలో మానివేసినచో ఎంత తిరిగియిత్తురు, సర్టిఫికెట్లు ఎన్నడిత్తురు" అని అడిగి, కాగితముమీద వ్రాయించుకొనుడు. వ్రాయనివానివద్ద చేర్పకుడు. బిడ్డ "రాను" అన్న మొదటినాడే వినుడు. పదవనాటికి బిడ్డ చెప్పుట మానుకొనును. ఆడపిల్లకు సంబంధము వచ్చినచో 18 నిండువఱకు ఆగుమనుడు. ఆగని సంబంధము మంచి సంబంధము కాదు. ఫోను విషయమున మీ ఇంటిలో ఒక్కమాట స్థిరముగా చెప్పియుంచుడు: "ఏమి జరిగినను ముందు నాకు చెప్పుము, చెప్పినందుకు నిన్ను దండింపను." ఆ మాట నిలుపుకొనుడు.

ఉపాధ్యాయులారా, పిల్లలకు ఎం.పి.సి., బై.పి.సి. అను రెండు పేర్లే తెలిసియున్నవి. పాలిటెక్నికు డిప్లొమా పూర్తిచేసినవాడు ఈసెట్టు వ్రాసి ఇంజినీరింగు రెండవ సంవత్సరమున చేరవచ్చునని వారికి చెప్పుడు. పదవ తరగతి మార్కులతో బాసర, నూజివీడు, ఇడుపులపాయల ట్రిపుల్ ఐ.టి.లలో ప్రవేశము కలదని చెప్పుడు. సార్వత్రిక పాఠశాల ద్వారా పదియు ఇంటరును మఱల కట్టవచ్చునని, తప్పినవారికి ఆ వేసవిలోనే సప్లిమెంటరీ పరీక్ష యున్నదని ఫలితములకు ముందుగానే చెప్పుడు. ఫలితములు వచ్చినపిదప చెప్పిన ఓదార్పుకంటె ముందు చెప్పిన సమాచారము మేలు.

ప్రభుత్వములవారికి ఒక్కటే చెప్పుచున్నాము. పిల్లవాని సర్టిఫికెటు వాని సొత్తు. అది తాకట్టువస్తువు కాదు. బాకీ పేర దానిని అట్టిపెట్టుకొను ఏ సంస్థకును గుర్తింపు ఉండరాదు. సంవత్సరము నడుమ గ్రూపు మార్చుకొనువారికి, బడి మాని వచ్చువారికి ప్రతి మండలమునందును ఒక ప్రభుత్వ కళాశాల తలుపు తెఱచి యుంచవలయును. విషయముల నడుమ గట్టి గోడలుండరాదని 2020 జాతీయ విద్యావిధానము చెప్పినది. గోడ కాగితముమీద కూలిన చాలదు. ర్యాంకుల ప్రకటనలతో పుటలు నింపు పత్రికలును ఈ బాధ్యతనుండి తప్పించుకొనజాలవు.

తుదకు, బాలబాలికలారా, మీతో రెండుమాటలు. కష్టపడకుడని మేము చెప్పుట లేదు. కష్టపడుటలో ఆనందమున్నది, ఆ ఆనందము మీ హక్కు. గొప్ప గమ్యము పెట్టుకొనుడు. కాని మీ మార్కు మీరు వ్రాసిన ఒక కాగితపు వెల. మీ వెల కాదు. తప్పుచేసినచో దాచకుడు, నమ్మిన పెద్దవారు ఒక్కరికైనను చెప్పుడు. మొదటివారు వినకున్నచో రెండవవారికి చెప్పుడు: అమ్మమ్మకు, బాబాయికి, లెక్కల మాస్టారుకు. మనసు మఱీ బరువైన రాత్రి 14416 అను టెలిమానస్ నంబరునకు ఫోను చేసినచో ఏ వేళనైనను మాటలాడువారు కలరు; తెలుగులోనే మాటలాడవచ్చును, సొమ్ము అక్కఱలేదు. ఎవరైన బలవంతముగా పెండ్లిచేయ బూనినను, బెదిరించినను 1098కి చెప్పుడు. మీ స్నేహితుడు నాలుగుదినములుగా మాటలాడక యున్నచో ప్రక్కన పోయి కూర్చుండుడు. మీరు అడుగు ఒక్క ప్రశ్న వానికి త్రోవ కావచ్చును.

గోదావరి దాటించు పడవవాడు ఆవలియొడ్డునకు మాత్రమే పడవ నడిపి, తిరుగుపడవ లేదన్నచో ఆ రేవునకు ఎవరు పోవుదురు? మన పిల్లలను దినదినమును అట్టి రేవునకే పంపుచున్నాము. వారు తప్పక దాటవలయును, దూరములకు పోవలయును, మనము చూడని తీరములను చూడవలయును. తిరుగుపడవను సిద్ధముగా నుంచుట మాత్రము పెద్దలమైన మన పని. ఈ సభనుండి ఇంటికి పోయి నేటి రాత్రి మీ బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "నీకిది ఇష్టమేనా?" యని అడుగుడు. అడిగి, ప్రత్యుత్తరము వచ్చువఱకు వేచియుండుడు.